యుద్ధ వ్యతిరేక చరిత్రలో లెవీ గల్లా ఏదీ?



వామపక్షాలు పుట్టినప్పటి నుంచీ యుద్ధానికి వ్యతిరేకమేనని వేదికల మీద వక్తలు చెబుతుంటారు. మాస్కో ఎటు తిప్పితే అటు తిరిగారు తప్ప వాళ్లకు సొంత బుద్ధే లేదని ఎదుటి పక్షం ఎద్దేవా చేస్తుంది. ఫ్రాన్స్ చరిత్ర తిరగేసినా, నల్గొండ జిల్లా చరిత్ర తిరగేసినా ఈ రెండు మాటలూ నిలవవు. యుద్ధాన్ని ఎవరు అడ్డుకున్నారని లెక్క తీస్తే, పార్టీ తీర్మానాల కంటే ముందు ఆ యుద్ధం బరువు మోసినవాళ్లే కనిపిస్తారు. మన రాతల్లో వాళ్లకే చోటు తక్కువ.

ముందు ఫ్రాన్స్ సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం రాకుండా ఆపాలని చివరి రోజు దాకా కాళ్లరిగేలా తిరిగిన సోషలిస్టు నాయకుడు జోరెస్. 1914 జులై 31 రాత్రి పారిస్‌లో ఒక కేఫ్‌లో భోజనానికి కూర్చున్నవాణ్ని విలాన్ అనే జాతీయవాది కాల్చి చంపాడు. ఆగస్టు 4న అంత్యక్రియలు. అదే రోజు జోరెస్ పార్టీ సభ్యులు పార్లమెంటులో యుద్ధ నిధులకు ఓటేశారు. ఆ నెల తిరక్కుండానే వాళ్లలో ఇద్దరు మంత్రులు కూడా అయ్యారు. హంతకుణ్ని 1919లో కోర్టు నిర్దోషిగా వదిలేసింది.

కమ్యూనిస్టులు ఇంతకంటే గట్టివాళ్లే. 1925లో మొరాకోలోని రిఫ్ ప్రజల మీద ఫ్రాన్స్ చేసిన యుద్ధాన్ని వాళ్లు బాహాటంగా ఎదిరించారు. ఇండోచైనా యుద్ధం నడుస్తున్న 1950లో రేమండ్ దియెన్ అనే యువతి సైనిక సామగ్రి తీసుకెళ్తున్న రైలుకు అడ్డంగా పట్టాల మీద పడుకుని జైలుకెళ్లింది. అయితే అల్జీరియా దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. అక్కడి యుద్ధాన్ని నడిపిన ప్రధాని గీ మోలే సోషలిస్టు. 1956 మార్చి 12న ఆయన అడిగిన ప్రత్యేకాధికారాలకు కమ్యూనిస్టులూ ఓటేశారు. మరి ఆ రోజుల్లో యుద్ధాన్ని అడ్డుకున్నదెవరు? మళ్లీ పిలుపు అందుకున్న మాజీ సైనికులు. బలవంతంగా రైలెక్కించిన ఆ కుర్రాళ్లు దారి పొడవునా గొలుసులు లాగి బళ్లు ఆపేశారు. వాళ్ల వెనక పార్టీ తీర్మానం లేదు. 1960లో సార్త్ర్, సిమోన్ ద బోవా తదితరులు 121 మంది కలిసి, అల్జీరియా యుద్ధంలో తుపాకీ పట్టనని చెప్పే హక్కు సైనికుడికి ఉందని ప్రకటన ఇచ్చారు. ఆ ప్రకటనా పార్టీ గడప బయటిదే. అలాగని పార్టీని పూర్తిగా కొట్టేస్తే అదీ అన్యాయమే. 1962 ఫిబ్రవరి 8న పారిస్‌లోని షారోన్ మెట్రో స్టేషన్ దగ్గర పోలీసులు ప్రదర్శకుల మీద పడ్డప్పుడు తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కమ్యూనిస్టు పార్టీలోని మామూలు సభ్యులే.

ఇక మన దగ్గరికి వద్దాం. 1939లో మొదలైనది సామ్రాజ్యవాద యుద్ధమని, దానికి పైసా గానీ మనిషిని గానీ ఇవ్వొద్దని భారత కమ్యూనిస్టులు ప్రచారం చేశారు. దేవళీ నిర్బంధ శిబిరం దాకా వెళ్లారు. 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడ్డాడు. ఫ్రెంచి పార్టీ వెంటనే తుపాకీ పట్టింది. ఇక్కడి పార్టీకి ఆర్నెల్లు పట్టింది గానీ, చివరకు అదే యుద్ధాన్ని ప్రజాయుద్ధం అన్నది. 1942 జులైలో పార్టీ మీద ఉన్న నిషేధం పోయింది. ఆగస్టులో క్విట్ ఇండియా వస్తే పార్టీ దూరంగా నిలబడింది. సమర్థనలు ఎన్ని వచ్చినా ఈ మచ్చ మాసిపోలేదు. మన వామపక్షాల సావనీర్లు చాలావరకు ఈ మూడేళ్లను ఒక్క పేరాలో దాటేస్తాయి.

ఆ తీర్మానాలకూ, అప్పటి నల్గొండ పల్లెల్లో జరిగినదానికీ పొంతన లేదు. నిజాం బ్రిటిషువాళ్లకు నమ్మకమైన మిత్రుడు, బిరుదే అది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక స్క్వాడ్రన్‌కు విమానాలు కొనిచ్చాడు. రెండో యుద్ధంలోనూ హైదరాబాద్ పేరుతో స్క్వాడ్రన్లు ఎగిరాయి. ఆ ఖజానా నింపింది రైతులు. మన పల్లెకు యుద్ధం విమానం రూపంలో రాలేదు, లెవీ గల్లా రూపంలో వచ్చింది. సర్కారు పెట్టిన ధరకు ఇన్ని గింజలు కొలవాలని పటేలు, పట్వారీ లెక్క రాసేవాళ్లు. వేల ఎకరాల దేశ్‌ముఖ్ ఆ లెక్కలో తప్పించుకునేవాడు. నాలుగెకరాల రైతు మాత్రం తిండిగింజలు కూడా కల్లంలోనే కొలిచి, తర్వాత నాగుకు, అంటే వడ్డీ గింజలకు, తెచ్చుకుని బతకాలి.

చిట్యాలలో బస్సెక్కితే వచ్చే భువనగిరిలోనే 1944లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. సభ్యత్వ రుసుము అణాకు తగ్గించారు. దాంతో ఊరూరా 'సంగం' పుట్టింది. ప్రపంచ యుద్ధం సంగతి ఎలా ఉన్నా, ఆ సంగం వెట్టితో పాటు లెవీ జులుం మీద కూడా కొట్లాడింది. పార్టీ పత్రికలో ప్రజాయుద్ధం, పల్లెలో యుద్ధ గల్లాకు ఎదురు. ఈ రెండూ ఒకే ఏడాదిలో, ఒకే జెండా కింద జరిగాయి. పుస్తకాలు ఈ వైరుధ్యాన్ని దాచడం ఎందుకు? ఇది సిగ్గుపడాల్సింది కాదు, అసలు చరిత్రే ఇది. యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1944లో కమ్యూనిస్టు కవి మఖ్దూం కవితల పుస్తకం 'సుర్ఖ్ సవేరా' వచ్చింది. ఆయన కవిత్వంలో యుద్ధానికి వెళ్లే సిపాయి ఇంటి దుఃఖం ఉంది. 1960లో ఒక హిందీ సినిమా ఆ 'సిపాయి' గీతాన్ని పాటగా వాడుకుంది. ఆ మఖ్దూమే 1952లో హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు వెళ్లాడు.

నిజాం మీద సాయుధ పోరాటం నడుస్తుండగా 1948 సెప్టెంబరులో భారత సైన్యం దిగాక పార్టీకి ఇంకో ప్రశ్న ఎదురైంది. తుపాకీ దించాలా, కొనసాగించాలా? దించాలని రావి నారాయణరెడ్డి వాదించాడు, పార్టీ వినలేదు. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆయనకు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేసింది ఈ నల్గొండే. ఆ మూడేళ్లలో పోయిన ప్రాణాల సంగతి ఎత్తితే వీరగాథ చెడుతుందని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పారిస్‌లో 1956 ఓటు గురించి కమ్యూనిస్టులే తమలో తాము దశాబ్దాలు వాదించుకున్నారు. ఇక్కడి సావనీర్లలో ఆ పాటి వాదన పెద్దగా కనిపించదు.

లెవీ గల్లా కొలిచిన రోజులు కళ్లారా చూసినవాళ్లలో మిగిలినవాళ్లు ఇప్పుడు ఎనభై ఐదు దాటిన ముసలివాళ్లు. నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, చాలావరకు ఉర్దూలో. ఈ పత్రిక నెలకు ఒక పేజీ ఇచ్చి, చిట్యాల, నకిరేకల్, భువనగిరి, సూర్యాపేట వైపు పాఠకులను తమ ఇంటి పెద్దల మాటలు రాసి పంపమని అడగాలి. ఉర్దూ వచ్చినవాళ్లతో ఆ కాగితాలు కొన్ని చదివించి తెలుగులో వేస్తే ఇంకా మంచిది.

ఒక పాఠకుడు,
చిట్యాల, నల్గొండ జిల్లా