రెండోసారి కొట్టే చెయ్యి

ఒక పాత పంచ్‌కార్డును నేనిప్పటికీ పుస్తకాల్లో గుర్తుగా పెట్టుకుంటాను. చూసిన కుర్రవాళ్ళు "ఇదేం కంప్యూటరండీ, చిల్లుల అట్టముక్క!" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. కాని ఆ అట్టముక్కతోబాటు మనం ఒక మంచి అలవాటును కూడా పారేసుకున్నామని నా అభియోగం.

ముందు కార్డు సంగతి. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హాలరిత్ చిల్లుల కార్డులు వాడాడు. 1928లో ఐ.బి.ఎం. వారు 80 నిలువు వరుసల కార్డు తెచ్చారు. అడ్డవరుసలు 12. అంకెకు ఒక చిల్లు, ఇంగ్లీషు అక్షరానికి రెండు. మా ఫోర్ట్రాన్ వాక్యం 7 నుంచి 72వ వరుసలోపు ఇమడాలి. 73 నుంచి 80 దాకా క్రమసంఖ్యకు. ఆ సంఖ్యలు కొట్టడానికి బద్ధకించినవాడు కట్ట జారవిడిచాడా, వాడి గతి దేవుడికెరుక! అందుకే కట్ట పైఅంచున పెన్సిలుతో ఏటవాలు గీత గీసుకునేవాళ్ళం. కట్ట కిటికీలో ఇచ్చి మర్నాడు రావాలి. ఒక్క కామా మరిచిపోతే మళ్ళీ మర్నాడే.

అయితే నేను చెప్పదలచుకున్నది మా కష్టాల గురించి కాదు. జీతాల పట్టికలవంటివి తయారుచేసే చోట, కీపంచ్ మిషనుకు తోడుగా వెరిఫైయర్ అనే మరో మిషను ఉండేది. మొదటి ఆపరేటరు కాగితం చూసి కార్డు కొట్టేది. అదే కాగితం, అదే కార్డు రెండో ఆమె దగ్గరకు వెళ్ళేవి. ఆమె అంతా మళ్ళీ కొట్టాలి. ఈ మిషను చిల్లులు వెయ్యదు. ఆమె నొక్కిన మీట, ఉన్న చిల్లుతో కలిసిందా లేదా అని మాత్రమే చూస్తుంది. కలవకపోతే ఆగుతుంది. మళ్ళీ కొట్టినా కలవకపోతే ఆ వరుసపైన ఒక గాటు. అన్నీ సరిపోతే కార్డు కుడి అంచున గాటు. ఆ గాటుకు అర్థం ఒక్కటే: దీన్ని ఇద్దరు మనుషులు చూశారు.

కాలక్రమేణా మిషన్లు పోయాయి. చాలాచోట్ల రెండో చెయ్యీ పోయింది.

ఆమధ్య నా సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక అక్షరం తప్పు పడింది. కౌంటరు దగ్గర అడిగితే "కంప్యూటర్లో అలాగే ఉందండీ" అన్నారు. తప్పు కొట్టింది ఎవరో, నిరూపించుకోవలసింది నేను! అఫిడవిట్టు, నోటరీ, మూడుసార్లు తిరుగుడు. నాకంటే చదువుంది, ఓపికుంది. ఆ అక్షరం ఒక ముసలమ్మ పింఛను కాగితంలో తప్పితే?

"రెండుసార్లు కొట్టిస్తే ఖర్చు రెట్టింపు కదా" అంటారు. నిజమే. ఆ సంగతి ఆనాటివాళ్ళకూ తెలుసు. కాని అప్పుడు యంత్రం టైము బంగారం. తప్పు కార్డు లోపలికి వెళితే నష్టం ఆఫీసుది. అందుకే ముందే కాచుకున్నారు. ఇప్పుడు యంత్రం చవకైంది, తప్పు తాలూకు నష్టం మనిషి నెత్తికెక్కింది. ఖర్చు తగ్గలేదు మిత్రులారా, చేతులు మారిందంతే.

పంచ్‌కార్డు పవిత్రమైనదని నేననను. 2000లో ఫ్లోరిడాలో ఓటు కార్డులనుంచి పూర్తిగా ఊడని చిల్లుముక్కల మూలాన అమెరికా అధ్యక్ష ఎన్నిక వారాల తరబడి తేలలేదు. అక్కడా కార్డులున్నాయి, రెండోసారి కొట్టే చెయ్యి లేదు.

యంత్రం కనిపెట్టినవాళ్ళ పేర్లు మనం పరీక్షల్లో రాశాం. పగలంతా మీటలు నొక్కిన ఆ ఆపరేటర్ల పేర్లు ఎవరూ రాయలేదు. వారికి మనం చెల్లించగల గౌరవం ఒకటుంది. రేపు మీలో చాలామంది ప్రోగ్రాములు రాస్తారు. మనిషి పేరు, మార్కు, డబ్బు నమోదయ్యే ప్రతిచోటా రెండో మనిషి కోసం ఒక గడి ఉంచండి. పైవాళ్ళు వద్దంటే, ఎందుకు వద్దో కాగితంమీద రాసిమ్మనండి.