అయస్కాంతమును, సైనికుని మనఃక్షతమును

దేహమునకు తగిలిన గాయమునకు కట్టు కట్టుట లోకమెఱిగిన ధర్మము. మనస్సునకు తగిలినదానిని గాయమని ఒప్పుకొనుటకే లోకమునకు చిరకాలము పట్టినది. మొదటి ప్రపంచసంగ్రామమున పిఱికితనము, పలాయనము మున్నగు నేరములు మోపి బ్రిటిషు సైనిక న్యాయస్థానములు కాల్పించినవారిలో ఫిరంగిమ్రోతలకు మతిచెదరినవారును ఉండిరి. అట్టి 306 మందికి ఆ ప్రభుత్వము క్షమాభిక్ష నొసగినది 2006లో! అమెరికా మనోవైద్యులు ఈ వ్యాధికి పేరిడి తమ గ్రంథమున చేర్చినది 1980లో. అప్పటికి వియత్నాం యుద్ధము ముగిసి అయిదేండ్లయ్యెను.

ఇప్పుడు ఈ వ్యాధికి అయస్కాంతచికిత్స కలదని ఆశ పుట్టినది. దీనికి మూలము ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే. తలపై నుంచిన తీగచుట్టలో విద్యుత్తు క్షణకాలము ప్రవహింపగా పుట్టిన అయస్కాంతశక్తి కపాలమును దాటి మెదడున స్వల్పవిద్యుత్తును కలిగించును. 1985లో షెఫీల్డు నగరమున బార్కరు ప్రభృతులు దీనిని చేసి చూపిరి. కోత లేదు, మత్తు లేదు. నుదుటివెనుక భాగమును దినదినము కొన్ని వారములపాటు ఇట్లు ఉత్తేజపఱతురు. తలనొప్పి సామాన్యము; మూర్ఛ అరుదు. అమెరికా ఔషధశాఖ 2008లో దీనిని విషాదరోగమునకు అనుమతించెను.

యుద్ధజనిత మనఃక్షతము మాట వేఱు. దీనిని విధింపుడనుటకు గాని వలదనుటకు గాని చాలినంత ప్రమాణము లేదని 2023లో ఆ దేశపు రక్షణ, మాజీసైనిక శాఖల వైద్యసూత్రములే చెప్పినవి. బాధితుడు కుమిలిపోవుచుండగా ప్రమాణములకై వేచియుండుట నిర్దయ కాదా యని కొందఱడుగుదురు. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. కాని 2018లో ప్రకటితమైన పరీక్షనొకదానిని చూడుడు. విషాదరోగపీడితులగు 164 మంది మాజీసైనికులలో నిజచికిత్స పొంది కోలుకొన్నవారు నూటికి 41. ఉత్తయంత్రము పెట్టబడి కోలుకొన్నవారు నూటికి 37! అనగా అయస్కాంతముకంటె ఆదరణయే అధికముగా పనిచేసినదేమో యని శంకింపవలసి వచ్చుచున్నది. అదే యేట, మాటల చికిత్సకు దీనిని జోడించిన మఱియొక పరీక్షలో ఎక్కువ మేలు కానవచ్చినది. కావున దీనిని త్రోసివేయుటయు తగదు, తలకెత్తుకొనుటయు తగదు.

మా అభిప్రాయమిది. నిరూపితము కాని చికిత్సను సైనికుని పింఛనుకు వెలకట్టి అమ్మరాదు. అతడు పోరాడినది ప్రభుత్వము పంపగా. కనుక పరీక్షావ్యయమును ప్రభుత్వమే భరించి, ఫలితము మంచిదైనను చెడ్డదైనను బహిరంగపఱచవలెను. ఇప్పటికే గుణము తేలిన మాటల చికిత్సను అందఱికి అందింపవలెను. నాడు ఆ గాయమును నేరమనిరి. నేడు దానిని బేరముగా మార్చకుండుట మన కనీసధర్మము.