ప్లగ్గు బిగించేవానికి స్కాలర్‌షిప్పా?

పోయిన ఆదివారం సంఘం మీటింగులో చదువు నిధి మాట వచ్చింది. ఐ.టి.ఐ., డిప్లొమా పిల్లలకు కూడా ఇయ్యాలని మేము అడిగినాము. విమానాల వైరింగు పని నేర్చుకోవాలని ఇద్దరు పిల్లలు అర్జీ పెట్టుకున్నారు. ఒక పెద్దాయన నవ్వి, "ప్లగ్గు బిగించేవానికి స్కాలర్‌షిప్పా?" అన్నారు. అందరూ నవ్వినారు, అర్జీలు పక్కకు పోయినాయి. అక్కడ మా మాట ఎవరూ వినలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాము.

ఆ ప్లగ్గుకు కనెక్టరు అని పేరు. యుద్ధ విమానాల్లో ఎక్కువగా వాడే గుండ్రటి రకానికి 38999 అని అమెరికా మిలిటరీ నంబరు. దాంట్లో మూడో సిరీస్ చూడండి. మూడు మరలు ఒకేసారి మొదలవుతాయి, ఒక్క చుట్టు తిప్పితే పూర్తిగా బిగుసుకుంటుంది. ఎంత అదిరినా వదులు కాకుండా లోపల అడ్డుపళ్ళు ఉంటాయి. పిన్నులు బాగా లోపలికి ఉంటాయి, వంకరగా తోసినా ఎదుటి అంచు వాటికి తగిలి వంచదు. ఒకదాని సాకెట్లో ఇంకొకటి దూర్చకుండా గాడుల కోణాలు మారుస్తారు. మీ ఇంటి మిక్సీ ప్లగ్గులో వీటిలో ఏది ఉండాది, పెద్దాయనా?

ఇప్పటి పోకడ అంతా తగ్గించడమే. బరువు తగ్గాలని అల్యూమినియం షెల్లు బదులు కాంపోజిట్ వస్తోంది. తుప్పుకు పూసే కాడ్మియం విషం, అందుకని జింక్-నికెల్ వైపు పోతున్నారు. మైక్రో-డి కనెక్టరులో పిన్నుకూ పిన్నుకూ దూరం 1.27 మిల్లీమీటర్లు, నానో-డిలో దాంట్లో సగం. రాడారు, కెమెరాల డేటా కోసం రాగి వైర్ల పక్కనే ఫైబరు కూడా ఒకే షెల్లులో పెడుతున్నారు. ఆ ఫైబరు కొన మీద కంటికి కనబడని దుమ్ము కూర్చున్నా వెలుతురు సరిగ్గా పోదు. సైజు తగ్గేకొద్దీ పనివాని చెయ్యి ఇంకా నిదానంగా ఉండాల. ఒక్క రాగి పోగు కూడా తెగకుండా వైరు తొక్క తియ్యాల, సరైన టూలుతో కాంటాక్టును నొక్కాల, అది కూర్చున్నదా లేదా అని లాగి చూడాల. ఇది చిన్న పనా?

2007 డిసెంబరులో అమెరికావాళ్ళ అట్లాంటిస్ షటిల్ ఏడుగురితో బయలుదేరాల్సింది. హైడ్రోజన్ ట్యాంకు సెన్సార్లు తప్పు చెప్పినాయి. వెతికితే దొరికింది సెన్సారు తప్పు కాదు, ట్యాంకు గోడలో ఉండే కనెక్టరు. గడ్డకట్టే చలిలో పిన్నుకూ సాకెట్టుకూ మధ్య పట్టు పోయింది. ఆ పిన్నులకు టంకం పెట్టి కలిపి, 2008 ఫిబ్రవరి 7న ఎగరేసినారు. రెండు నెలలు ఆపింది ప్లగ్గే.

అంతా మెషీన్లే చేస్తాయి, పిల్లలు ఎందుకు అని ఇంకొకరు అన్నారు. వైరు కోసే మెషీన్లు ఉండాయి, నిజమే. విమానం వైర్ల కట్ట కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది. దాన్ని బోర్డు మీద పరిచి కట్టేది ఇంకా ఎక్కువగా మనిషి చెయ్యే.

2018 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ పారిశ్రామిక కారిడార్లు రెండు ప్రకటించినారు. తమిళనాడు కారిడార్‌లో చెన్నై, కోయంబత్తూరు, హోసూరు, సేలం, తిరుచ్చి ఉండాయి. హోసూరులో, కోయంబత్తూరులో మనవాళ్ళు ఎన్ని తరాలుగా ఉండారో మీకు చెప్పాల్నా? పని మన గడప ముందరికి వస్తే, మన నిధి మాత్రం సాఫ్ట్‌వేర్ పిల్లలకేనా? వాళ్ళకు ఇయ్యొద్దని మేము అనలేదు, వీళ్ళకూ ఇయ్యమన్నాము.

సంఘం హాలులో జి.డి. నాయుడు గారి ఫోటోకు ఏటా దండ వేస్తాము. పెద్ద చదువు లేని మనిషి. మోటారు సైకిలు కొని, విప్పి, మళ్ళీ బిగించి నేర్చుకున్నారు. ఆయన ఈరోజు మన కమిటీకి అర్జీ పెట్టుకుంటే ఏం జవాబు ఇస్తాము?

మేము రైల్వేలో ఫైళ్ళు చూసిన గుమాస్తాలము, స్పానరు పట్టలేదు. అయినా తోసేసిన అర్జీకి కారణం రాసి సంతకం పెట్టాలని మాకు తెలుసు. ఈ రెండు అర్జీల మీద ఏ కారణమూ లేదు. వచ్చే కమిటీలో వాటిని మళ్ళీ తియ్యండి. వద్దంటే ఎందుకు వద్దో మినిట్స్‌లో రాసి, కింద పేరు రాయండి.