పంపు మార్చేముందు మూత తీసి చూద్దాం

స్టీరింగ్ తిప్పితే బండి కుయ్‌మని మూలుగుతుంటే కొన్ని గరాజుల్లో చూడకుండానే "పంపు పోయింది" అంటారు. కొందరు కఫీళ్లు ఆ ఖర్చు మన జీతంలోనే కోస్తారు. అందుకే డ్రైవర్లమైన మనమే ముందు చూసుకోవాలి.

హైడ్రాలిక్ స్టీరింగ్ అయితే ఇంజిన్ ఆపి ఆయిల్ డబ్బా చూద్దాం. లెవెల్ తగ్గితే పంపు గాలి పీల్చి అరుస్తుంది. ఆయిల్‌లో నురగ కనబడితే గాలి చేరినట్టే. మూత మీద రాసిన రకం ఆయిలే పోయాలి. మళ్లీ తగ్గితే ఎక్కడో లీకు ఉన్నట్టు, పైపులు చూపించాలి. ఆయిల్ నిండుగా ఉండి, గాలి తీయించి, బెల్టు బిగించినా మోత ఆగకపోతేనే పంపు మాట.

చూసిన రోజే డబ్బా ఫోటో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేద్దాం. బండి వాళ్లదే, జీతం మాత్రం మనది.