స్వర్ణముఖి ఒడ్డున

మా శ్రీకాళహస్తికి తెల్లవారేది గుడిగంటతో అనుకుంటారేమో! కాదండీ, తిరుపతి బండి కూతతో. గుమాస్తాలూ, దుకాణాల కుర్రాళ్లూ, నాబోటి పంతుళ్లూ ఏర్పేడు, రేణిగుంటల మీదుగా పరుగెత్తుతారు. 40 కిలోమీటర్ల లోపే గాని, పగలు మా ఊరివాళ్లం కాము.

కొండలకూ ఏటికీ నడుమ ఇరుక్కున్న ఊరు. స్వర్ణముఖి ఇక్కడ ఉత్తరానికి తిరుగుతుంది, అందుకే పుణ్యమంటారు. పుణ్యం సరే, నీళ్లేవీ? 2021 నవంబరులో పొంగి హడలగొట్టింది గాని, ఏడాదిలో చాలా నెలలు ఇసుకే.

మా పక్కింటాయనది కలంకారీ పని. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డమీద కలంతో బొమ్మ గీస్తాడు. పటిక అద్దాక పారే నీళ్లలోనే జాడించాలి. నిలవ నీళ్లయితే ఊడిన పటిక పక్కకు పాకి, అక్కరలేని చోటల్లా రంగు పట్టుకుంటుందట. తొట్లో ఉతికి పాడైన దేవుడి మొహం ఒకటి చూపించాడు. నాకు నోట మాట రాలేదు.

ఏరు వచ్చేది చంద్రగిరి వైపునుంచి. అందుకని రోజూ రాత్రి అరుగుమీద కాచుకొని ఉంటాడు.

"ఏమి సామీ, ఆ పక్క వాన పడిందా?"

నిన్న అడగలేదు. తడిసిన నా చొక్కా చూసి, లోపలికి వెళ్లి గుడ్డలమూట దించుకున్నాడు.