కాపరితోపాటు బాలశిక్ష కూడా

మొన్న ఫిబ్రవరిలో, కల్లాల్లో మిరపకాయలు ఆరుతున్న రోజుల్లో, నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడతడు పాస్టరు. అమెరికాలో టెక్సాసు రాష్ట్రంలోని ఒక తెలుగు సంఘంవారు ఆరు నెలలు తమ మధ్య ఉండి సంఘాన్ని బలపరచవలసిందని పిలిచారట. ప్రయాణానికి ముందు చెప్పి వెళ్దామని వచ్చాడు. సంచిలో ముప్పై 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకాలున్నాయి.

"మాస్టారూ, ముందు ఇవే తెమ్మన్నారు. నిన్న మళ్ళీ ఫోను చేసి, ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చయినవి దొరికితే అవే తెమ్మంటున్నారు. అక్కడి పిల్లలకు తెలుగు చదవడం రాదట" అన్నాడు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను ల-ళల భేదమూ, న-ణల భేదమూ తెలియని లిపిలో పెట్టి పాడించడమా! ఇది తెలుగు పండితుడి చాదస్తమని మీరు అనవచ్చు. కొంత నిజమే, ఒప్పుకుంటాను. అయితే చాదస్తాన్ని పక్కన పెట్టినా మిగిలే ప్రశ్న ఒకటున్నది. దాని కోసమే ఈ టపా.

పరదేశంలోని తెలుగు సంఘాన్ని బలపరచడానికి మనవైపు నుంచి కాపరి వెళ్ళడం కొత్త సంగతి కాదు. 1903లో జాన్ రంగయ్యగారు కుటుంబంతో సహా ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నటాలుకు వెళ్ళారు. ఆయనను పంపినది అమెరికా దొరలు కాదు, తెలుగు బాప్తిస్టు హోమ్ మిషనరీ సొసైటీ, అంటే మనవాళ్ళే. అప్పటికి గుంటూరు జిల్లా ఇంకా ఏర్పడలేదు. అది 1904లో వచ్చింది. ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రకాశం జిల్లా మాట 1970 తరువాతిది.

ఆ పంపడం ఎంత పెద్ద పనో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి. అమెరికను బాప్తిస్టులు 1836లో తెలుగునాటికి వచ్చారు. ఏళ్ళు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం లేక, ఈ మిషనును మూసివేద్దామా అని ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. దానికి 'ఒంటి నక్షత్రం' అని పేరు కూడా పడింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాడు. ఆ ఏడే బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ కులస్థుడు, ఊరూరా నడిచి తనవారికి సువార్త చెప్పాడు. దొర పేరు ఒంగోలులో అందరికీ తెలుసు. పేరయ్య పేరు తెలిసినవారెందరు?

తరువాత 1876–78 కరవు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం పనిని కంట్రాక్టు తీసుకొని పల్లెలవారికి కూలి ఇప్పించాడు. పని మధ్య విశ్రాంతి వేళల్లో ఉపదేశులు కూలీల నడుమ కూర్చుని వాక్యం చెప్పేవారు. అయినా కరవు సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. కూటికోసం కలిశారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. కరవు తగ్గాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా ముత్తాత ఆ ఏటి గుండ్లకమ్మ నీళ్ళలో మునిగినవాడే. ఆ తరువాత పల్లెలో ఉపదేశి ఇసుక మీద ఆయన చేత అక్షరాలు దిద్దించాడు. మా ఇంటికి సువార్తా, అక్షరమూ ఒకే గడప దాటి వచ్చాయి. నేను తెలుగు పండితుణ్ణి కావడానికి మూలం ఆ ఇసుకలో ఉన్నది.

వెల్లంపల్లి దినానికీ రంగయ్యగారి ఓడ ప్రయాణానికీ మధ్య పాతికేళ్ళు. నిన్నటిదాకా కరవు పనిలో మట్టి మోసిన జనం పాతికేళ్ళలో సముద్రం అవతలికి తమ కాపరిని పంపారు! మా పల్లెల్లో ఇప్పటికీ పిడికెడు బియ్యం ఆనవాయితీ ఉన్నది. పొయ్యి మీద ఎసరు పెట్టే ప్రతిసారీ ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి సంఘం కోసం వేరే కుండలో పోస్తుంది. కోతల పండుగనాడు మిరప బస్తాలూ, పత్తీ, గుమ్మడికాయలూ గుడి ముందర వేలం వేస్తారు. రంగయ్యగారి ఖర్చుకు పోగైన కానుకల్లో ఇటువంటి పిడికిళ్ళు ఉండే ఉంటాయని నా ఊహ.

ఇక నటాలు సంగతి. 1860 నుంచి 1911 వరకు ఒడంబడిక కూలీలుగా అక్కడికి వెళ్ళిన భారతీయులు 1,52,184 మంది. వారిలో ఎక్కువమంది మదరాసు రేవులో ఓడెక్కినవారు. ఒడంబడిక అయిదేళ్ళు, పని చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో, రైలుదారి మీద, బొగ్గు గనుల్లో. తెలుగు బాప్తిస్టులు కూడా ఆ జనంలో ఉన్నారు. తమకు కాపరి లేడని వారు స్వదేశానికి కబురు పంపారు. నటాలులో గుడులూ బోధకులూ లేక కాదు. ఆ ప్రసంగం వీరికి అర్థం కాక. కనుక రంగయ్యగారిని పిలిపించినది, నా లెక్కలో, మొదట భాష. ఆయన 1903 డిసెంబరు 27న కియర్స్‌నీలో, హ్యులెట్ దొరల తేయాకు తోటల దగ్గర, తొలి తెలుగు బాప్తిస్టు సంఘాన్ని ఏర్పాటు చేశారు. తోట తోటకూ తిరిగి మరికొన్ని సంఘాలను నిలబెట్టి 1915లో కన్నుమూశారు.

ఆ సంఘాలు పడిపోలేదు. నేటికీ ఉన్నాయి. కాని ఆరాధన ఇంగ్లీషులోకి మారింది.

ఎందుకు మారిందంటే, 1911లో ఒడంబడిక కూలీల ఓడలు ఆగిపోయాయి. ఊరి నుంచి కొత్త నోళ్ళు రావడం మానుకున్నాయి. తమిళుల మధ్య తెలుగువారు కొద్దిమంది. బడి ఇంగ్లీషు, పని ఇంగ్లీషు. 1931లో అక్కడి తెలుగువారు ఆంధ్ర మహాసభను పెట్టుకొని భాషను నిలుపుకోవడానికి శ్రమపడ్డారు. వారికి నా నమస్కారం. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం గౌరవించి ప్రోత్సహించవలసిన భాషల్లో మన భాషనూ పేర్కొన్నది. అయితే అచ్చులో పడినది 'తెలుగు' కాదు, 'తెలెగు'. అక్షరం దిద్దడం అలవాటైన చేయి కదా, ఆ మాట చూసినప్పుడల్లా ఎర్రసిరా కోసం వెతుక్కుంటుంది.

అమెరికాలో స్పానిషు భాషలో ఆరాధించే సంఘాలు వేలకొద్దీ ఉన్నాయి. తమ భాష మాట్లాడే దేశాల నుంచి కాపరులు వచ్చి వాటిని బలపరుస్తూ ఉంటారు. ఆ భాష అక్కడ నిలవడానికి ముఖ్యకారణం సరిహద్దు దాటి కొత్తవారు వస్తూనే ఉండడం. అయినా ఆ గడ్డ మీద పుట్టిన పిల్లల కోసం ఇంగ్లీషు ఆరాధన వేరుగా పెట్టుకొన్న సంఘాలు వాటిలోనూ ఎన్నో. టెక్సాసులోని మన సంఘాలదీ అదే తీరు. ఏటేటా వీసాల మీద కొత్త కుటుంబాలు వస్తాయి, బెంచీలు నిండుతాయి, తెలుగు పాట మారుమోగుతుంది. అది చూసి సంఘం బలంగా ఉన్నదనుకొంటాము. పాడుతున్నది నిన్న విమానం దిగినవారు. వెనుక బెంచీలో ఫోను చూసుకుంటున్నది అక్కడ పుట్టినవారు. ఓడలు ఆగినట్టు వీసాలూ ఒకనాడు ఆగవచ్చు.

"దేవునికి ఏ భాషైనా ఒకటే కదా మాస్టారూ!" అన్నాడు నా శిష్యుడు. ఒకటే. ఎవరి రక్షణా తెలుగు మీద ఆధారపడి లేదు. నటాలు సంఘాలు ఇంగ్లీషులో ప్రార్థిస్తున్నందుకు వాటిని తక్కువచేసి మాట్లాడే అర్హత నాకు లేదు. కాని మనం అక్కడికి కాపరిని పంపుతున్నది భాష పేరు మీద. ఇంగ్లీషు బోధకులు టెక్సాసులో కొరవా? తెలుగు కోసం పిలిపించుకొని, తెలుగు రాని పిల్లల ముందు తెలుగులో గంటసేపు ప్రసంగించి, తిరుగు విమానం ఎక్కితే బలపడినదేమిటి? ఆ గుడిలో అమ్మమ్మకు పాటలోని మాట అర్థమవుతుంది, మనుమరాలికి రాగం మాత్రమే అందుతుంది. ఇద్దరూ ఒకే పుస్తకం పట్టుకొని పాడలేని కుటుంబాన్ని మూడు రోజుల మహాసభలు ఏం బలపరుస్తాయి? (మా ఊరి సెంటరులో ఫ్లెక్సీల మీద విదేశీ పర్యటనల జాబితా వేసుకునే బోధకుల గురించి రాయవలసింది చాలా ఉన్నది, ఇప్పుడు వద్దు.)

ఒంగోలు మిషను పల్లెకు బోధకుణ్ణి పంపితే, తరచు అతడే బడిపంతులు కూడా. వాక్యం వినడంతో సరిపెట్టక చదివించాలని వారి తాపత్రయం. బయటినుంచి వచ్చిన దొరలు మన పిల్లలకు మన భాష నేర్పించారు. మనం మన పిల్లల దగ్గరకు వెళ్తూ ఆ పని మరచిపోతున్నాము.

కనుక అతనితో గట్టిగానే చెప్పాను: ప్రసంగాలు సగం తగ్గించు, ఆదివారం ఆరాధనకు ముందు ముప్పావుగంట ఓనమాలు పెట్టు, మొదటి నెల బైబిలు పుస్తకం తెరవద్దు. కీర్తనల పుస్తకాలు పది ఇక్కడే వదిలించి, ఆ బరువుకు సరిపడా పెద్దబాలశిక్షలు సంచిలో పెట్టించాను. మా ఇంటావిడ ఇచ్చిన పండుమిరప పచ్చడి సీసా మాత్రం అతడు తీయనివ్వలేదు.

పోయినవారం ఫోను చేశాడు. మొదటి ఆదివారం పద్నాలుగుమంది పిల్లలు వచ్చారట. రెండో ఆదివారం తొమ్మిదిమంది. ఒక పిల్ల మాత్రం ర ఉండగా ఱ ఎందుకని అడిగిందట; నన్ను కనుక్కొని చెబుతానన్నాడట. ఆ జవాబు ఇంకా రాస్తున్నాను.