మోసగాడి ఇంట్లో ఎవరికి ఎంత తెలుసు?

2008 డిసెంబరు 10న బెర్నీ మేడాఫ్ తన ఇద్దరు కొడుకులకు అసలు విషయం చెప్పేశాడు: పెట్టుబడుల వ్యాపారమంతా అబద్ధం. వాళ్లు లాయరు ద్వారా అధికారులకు కబురు పంపారు. మర్నాడే అరెస్టు. మదుపరుల స్టేట్‌మెంట్లలో కనిపించిన దాదాపు 6,500 కోట్ల డాలర్లలో అత్యధిక భాగం కాగితం మీది అంకెలే.

ఈ కథతో బ్యారీ లెవిన్‌సన్ 2017లో హెచ్‌బీఓకు తీసిన 'ద విజార్డ్ ఆఫ్ లైస్' మోసం ఎలా చేశాడన్నదాని మీద పెద్దగా ఆగదు. కొత్తగా చేరినవాళ్ల సొమ్ము పాతవాళ్లకు చెల్లించడం మనకూ కొత్తేమీ కాదు కదా. సినిమా ఆగేది ఇంటి దగ్గర. కొడుకులు పనిచేసింది 19వ అంతస్తులో, మోసం నడిచింది 17వ అంతస్తులో. రెండంతస్తుల కింద జరిగింది తెలియదంటే ఎవరు నమ్ముతారు? వాళ్లపై క్రిమినల్ కేసు ఎన్నడూ పెట్టలేదు. అనుమానం మాత్రం వదల్లేదు. అరెస్టుకు సరిగ్గా రెండేళ్లు నిండిన రోజున మార్క్ ప్రాణాలు తీసుకున్నాడు. 2014లో ఆండ్రూ క్యాన్సర్‌తో పోయాడు. రాబర్ట్ డి నీరో పక్కన మిషెల్ ఫైఫర్ పోషించిన భార్య రూత్‌కు మొగుడా, బిడ్డలా అన్నదే చివరికి మిగిలిన ప్రశ్న. మదుపరుల గోడుకు సినిమాలో చోటు తక్కువే, అది లోపమే. అయినా మేడాఫ్‌ మీద జాలిని గానీ, మెచ్చుకోలును గానీ పుట్టనివ్వదు.

మన తెర దారి వేరు. 'స్కామ్ 1992' చూసినవాళ్లలో చాలామందికి గుర్తున్నది బ్యాంకుల సొమ్ము ఎటు పోయిందన్నది కాదు, హర్షద్ మెహతా దర్జా. 2024లో వచ్చిన 'లక్కీ భాస్కర్'లో కుటుంబమే మోసానికి సాకు. అప్పులు, అవమానాలు, ఇల్లు గడవని జీతం. ఇన్ని చూశాక భాస్కర్ దొరకకూడదనే ప్రేక్షకుడు కోరుకుంటాడు. దొరకడు కూడా. వినోదంగా ఆ సినిమాకు వంక పెట్టలేం. కానీ ఆ డబ్బు ఎవరిదన్న ప్రశ్న హాల్లో ఎవరికీ రాదు.

నిజానికి మేడాఫ్ కథకు సాటి వచ్చే కథ హైదరాబాద్‌లోనే ఉంది. మేడాఫ్ అరెస్టైన ఐదు రోజులకు, డిసెంబరు 16న, రామలింగరాజు కుమారులు నడిపే రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించింది. ఆ పేరును ఇంగ్లిషులో తిరగేస్తే సత్యం అవుతుంది. వాటాదారులు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న రాజు లేఖ బయటికొచ్చాక అసలు సంగతి తెలిసింది: లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు చేర్చడానికి అది ఆఖరి ప్రయత్నం. తేడా 7 వేల కోట్ల రూపాయలకు పైనే. 2015లో ప్రత్యేక కోర్టు రాజుకు, ఆయన తమ్ముడికి ఏడేళ్ల శిక్ష వేసింది. నెల దాటిన కొద్ది రోజులకే పైకోర్టు దాన్ని నిలిపి బెయిలిచ్చింది.

తండ్రి, కొడుకులు, తమ్ముడు, వేలాది ఉద్యోగులు: ఇంతకన్నా బలమైన కుటుంబ కథ మన సినిమాకు ఎక్కడ దొరుకుతుంది? నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీ 'బ్యాడ్ బాయ్ బిలియనీర్స్' ఒక భాగాన్ని రాజుకు కేటాయించింది. ఆయన కోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నారు. 2020 అక్టోబరులో ఆ భాగం లేకుండానే మిగతా మూడూ విడుదలయ్యాయి.